పావు దగ్గర ఆగిన ముల్లు

మొన్న ఆదివారం మీరిద్దరూ వీడియోలో కొత్త కారు చూపించారు కదా, పూనాలో మీ ఇంటి కింద పార్కింగులో. మీ నాన్న స్టీరింగు ముందు కూర్చున్నాడు. మీరు వెనక సీట్లోంచి ఫోను అటూ ఇటూ తిప్పుతూ ఇది ఏసీ, ఇది మ్యాపు, ఇవి పాటలు అని ఒక్కొక్కటీ చూపిస్తున్నారు. అద్దంలాంటి పలక ఒకటే, అన్నీ అందులోనే. నేను వెతుకుతున్నది మాత్రం కనపడలేదు. "పెట్రోలు ముల్లేదిరా?" అన్నాను. పెద్దాడు నవ్వేసి, "ముల్లెందుకమ్మమ్మా, ఇంకా డెబ్బై కిలోమీటర్లు వెళ్తుందని బండే చెప్పేస్తుంది" అన్నాడు. చిన్నది ఊరుకుంటుందా, "అది నిజమే చెబుతోందని నీకెలా తెలుసు?" అంది. అది మన ఇంటి ప్రశ్న. దాని వెనక ఒక కారుంది, ఒక బెత్తం ఉంది, మీ ముత్తాత ఉన్నాడు. ఫోనులో చెప్పే సంగతి కాదని అప్పటికి మాట మార్చేశాను. ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను. మీకు తెలుగు చదవడం కష్టమైతే మీ అమ్మ చేత చదివించుకోండి. అది మధ్యలో ముక్కు చీదితే పట్టించుకోకండి.

ముందు మీ పిన్ని గురించి చెప్పాలి. సెలవులకొచ్చినప్పుడు మీకు జంతికలు పెట్టి, స్కూటీ ఎక్కించి బొబ్బిలి వీణలు చూపించిన పిన్నిగానే మీకు తెలుసు. విజయనగరం ఐటీఐలో పిల్లలకి అది నేర్పేది కొలిచే సాధనాలు బాగుచెయ్యడం. ఆవిరి ఒత్తిడి చూపించేవీ, వేడి చూపించేవీ, కరెంటు చూపించేవీ. దేన్నీ ఊరికే నమ్మే గుణం దానికి పుట్టుకతోనే లేదు. ఆరేళ్ళ వయసులో సండే స్కూల్లో టీచరమ్మ, నోవహు ఓడ మూడు వందల మూరల పొడవని చెబితే, ఇది లేచి నిలబడి "ఎవరి మూరలండీ?" అని అడిగింది. ఆవిడ ఆ సాయంత్రమే మా ఇంటికొచ్చి, "మీ గుంట దేవుణ్ణి కూడా టేపు తెమ్మనీలాగున్నాది, కాస్త సూసుకోండమ్మా" అని చెప్పి వెళ్ళింది. మీ తాతయ్య పోయేదాకా ఆ మాట చెప్పుకుని నవ్వేవారు. నాకు మాత్రం అప్పట్లో కొంచెం సిగ్గేసింది. ఇప్పుడు ఆ సిగ్గుపడినందుకు సిగ్గేస్తోంది.

రెండేళ్ళ కిందట అది కోటబొమ్మాళిలో ఒక పెళ్ళికి వెళ్ళి, చీరకి గ్రీజు మరకతో తిరిగొచ్చింది. ఊళ్ళో డాక్టరు గారి పాత బంగళా వెనక షెడ్డు పడగొడుతున్నారట. అందులో డాక్టరు గారి అంబాసిడర్ కారు. టైర్లు నేలకి అంటుకుపోయి, వెనక సీటు నిండా కోళ్ళు పెట్టిన గుడ్లతో ఉందిట. "అమ్మా, తాత కారు!" అంది గుమ్మంలోంచే. తాత కారేమిటి, మా నాన్న దానికి డ్రైవరు. కానీ మా ఇంట్లో ఎప్పుడూ ఎవరూ దాన్ని డాక్టరు గారి కారు అనలేదు. డాక్టరు గారు పోయి చాలా కాలమైంది. ఆయన కొడుకు శ్రీకాకుళంలో ఉంటాడు, నా ఈడువాడే. మీ పిన్ని ఆయన దగ్గరకెళ్ళి కారు ఇమ్మని అడిగితే ఇచ్చేశాడు. ఇస్తూ ఒక మాటన్నాడు. "మీటర్లు జాగర్తమ్మా. మీ తాతకీ మా మీటరుకీ పడీది కాదు." అని నవ్వాడట. మీ పిన్ని ఆ మాట నాకు చెప్పలేదు. మీ బాబాయి నోరు జారితే తెలిసింది. ఆ రోజు నుంచి నాకు ఆ కారంటే భయం పట్టుకుంది.

ఎందుకో చెప్పాలంటే నన్ను తొమ్మిదేళ్ళ పిల్లని చెయ్యాలి.

అప్పుడు కోటబొమ్మాళి చుట్టుపక్కల కారంటే అదొక్కటే. గుండ్రటి వీపు, లేత బూడిద రంగు, ముందు పలక మధ్యలో మీటర్లు. మా నాన్న పొద్దున్నే దాన్ని తుడిచే తీరు చూస్తే, మా అమ్మ "నా మొకం ఎప్పుడైనా అలగ తుడిసేవేటయ్యా?" అనేది. ఆయన మీటర్లు చూసేవాడు గాని, పెట్రోలు విషయంలో ముల్లుని నమ్మేవాడు కాదు. ఆయనకొక బెత్తం ఉండేది. సన్నగా, వంచితే వంగేది. పెట్రోలు పోసే గొట్టం వంకరగా ఉంటుంది కాబట్టి కర్ర దిగదు, బెత్తమే దిగాలి. దాన్ని ట్యాంకు అడుగు తగిలేదాకా దించి, పైకి తీసి, ఎంతమేర తడిసిందో ఆరిపోకముందే చూసేవాడు. చాకుతో దాని మీద నాలుగు గాట్లు పెట్టుకున్నాడు. లీటర్లు, గ్యాలన్లు కాదు. కింది గాటు టెక్కలి, దాని మీదది శ్రీకాకుళం, ఆ పైది విజయనగరం, అన్నిటికంటే పైది విశాఖపట్నం. ఎక్కడిదాకా తడిస్తే అక్కడికి వెళ్ళి రావచ్చు. మీ కొత్త కారు చెప్పే డెబ్బై కిలోమీటర్ల లెక్క మా నాన్న బెత్తం మీద ఎప్పుడో చెక్కేశాడు, తెలిసిందా! డాక్టరు గారికి అది చూస్తే చిరాకు. ఇంత కారులో మీటరుండగా ఈ పుల్ల ఎందుకయ్యా, జనం నవ్వుతారు అనేవారు. మా నాన్న తల దించుకునే జవాబు చెప్పేవాడు. "మీటరు కుర్సీలో కూకుని సెప్తాది బాబూ. బెత్తం దిగి సూసొస్తాది."

ఆ వేసవిలో రైలు కట్ట పక్కన సీమచింత చెట్టు విరగ్గాసింది. కింది కొమ్మలన్నీ మాకంటే పొడుగు పిల్లలు దులిపేశారు. ఎర్రగా విచ్చిన కాయలు పైన మిగిలాయి. నా చేతికందిన సన్నటి పొడుగాటి వస్తువు మా ఇంట్లో ఒకటే ఉంది. దాని కొసకి తీగ కొక్కెం కట్టి, కొమ్మకి తగిలించి లాగాను. బెత్తం ఎండిపోయి ఉందేమో, మధ్యలో ఫెళ్ళున చిట్లి రెండుగా వేలాడింది. కాయలు మాత్రం రాలాయి. అన్నీ తిన్నాను, ఒక్కటీ వదల్లేదు. ఆ తరవాత బెత్తాన్ని కోళ్ళగూడు కప్పులో తాటాకుల మధ్య దూర్చేశాను.

మర్నాడు పొద్దున్నే డాక్టరు గారింటి ముందుకి ఎడ్లబండి మీద ఒక గర్భిణిని తెచ్చారు. బిడ్డ అడ్డం తిరిగిందని, శ్రీకాకుళం పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాలని డాక్టరు గారు కబురు పెట్టారు. మా నాన్న చొక్కా గుండీలు పెట్టుకుంటూనే మూలన చూశాడు, తలుపు వెనక చూశాడు, మంచం కింద చూశాడు.

"ఒలే గుంటా, బెత్తం సూసేవేటి?"

"నేదు నాన్నా. నాను సూడనేదు."

అంతే. అవి ఎన్ని మాటలో మీరే లెక్కపెట్టండి. అవతల బంగళా ముందు డాక్టరు గారు హారను కొడుతున్నారు. మా నాన్న ఇంకొక్క క్షణం నా మొహంలోకి చూసి పరుగెత్తాడు. కారులో కూర్చుని తాళం తిప్పితే ముల్లు పావు దగ్గరకొచ్చి నిలబడిందిట. పావు ట్యాంకుంటే శ్రీకాకుళం వెళ్ళి రావచ్చు. బయల్దేరాడు.

నరసన్నపేట ఇంకా రెండు మైళ్ళుందనగా కారు దగ్గి ఆగిపోయింది. సరిగ్గా అప్పుడే వెనక సీట్లో ఆ పిల్లకి నొప్పులు ముదిరాయి. డాక్టరు గారు ముందు సీట్లోంచి దూకి వెనక్కి వెళ్ళారు. మా నాన్న ట్యాంకు మూత తీసి చెవి పెట్టి, కారుని ఊపి చూశాడు. చప్పుడు లేదు. తాళంచెవి తీసి జేబులో వేసుకుని, డబ్బా పట్టుకుని ఎండలో నరసన్నపేటకి పరుగు తీశాడు. ఆయన తిరిగొచ్చేసరికి డాక్టరు గారి చేతుల్లో బిడ్డ ఏడుస్తోంది. దేవుడి దయ, తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కారు. కానీ ఆ గంటసేపూ డాక్టరు గారు పడిన నరకం ఆయన మొహం మీద అలాగే ఉంది. ముల్లు పావు చూపించిందని మా నాన్న చెబితే ఆయన నమ్మలేదు. "నాను కళ్ళారా సూసేను, ముల్లు సున్నా మీద పడుకునున్నాది" అని అరిచారు. నిజమే, ఆయన చూశారు. తాళం తీసేస్తే ముల్లు ఎలాగూ పడిపోతుందని ఆ కంగారులో ఆయనకి తట్టలేదు. అయినా పెద్దమనిషి, మర్నాడు శ్రీకాకుళం నుంచి మెకానిక్కుని పిలిపించారు. అతను మీటరు విప్పాడు, ట్యాంకులో పెట్రోలు మీద తేలుతూ ముల్లుని నడిపే తేలేబుడ్డిని బయటికి తీశాడు, బుడ్డిని చేత్తో పైకీ కిందికీ ఆడించాడు. ముల్లు సున్నా నుంచి నిండు దాకా, నిండు నుంచి సున్నా దాకా చక్కగా నడిచింది. మీటరు బంగారం అన్నాడు. అంటే పెట్రోలు కాజేసి అబద్ధమాడింది ఎవరో తేలిపోయినట్టే కదా. "ట్యాంకులో ఎట్టి సూడండి బాబూ" అని మా నాన్న ఒక్కసారి అడిగాడట. ఎవరూ వినిపించుకోలేదు. ఆయన రెండోసారి అడగలేదు. సాయంత్రం తాళంచెవి బల్ల మీద పెట్టి, "అబద్దమాడినోడి సేతికి బండెందుకు బాబూ" అని ఇంటికొచ్చేశాడు.

ఆ తరవాత మా నాన్న ఇంకెప్పుడూ స్టీరింగు ముట్టుకోలేదు. రైలు గేటు దగ్గర అద్దె సైకిళ్ళ షాపు పెట్టుకుని, పంక్చర్లు వేస్తూ మమ్మల్ని పెంచాడు. బస్సెక్కితే మాత్రం డ్రైవరు వెనక సీటే కావాలి. మెడ చాచి ముందు పలక కేసి చూస్తూనే ఉండేవాడు. సైకిలు తిరిగివ్వడం ఆలస్యం చేసిన కుర్రాళ్ళు, నాన్న కసిరితే, దూరం వెళ్ళి "పెట్రోలు తాగీసినోడా!" అని అరిచి పారిపోయేవాళ్ళు. ఆయన గాలి పంపు కొడుతూనే ఉండేవాడు. నేను షాపు వెనక నిలబడి వింటూ ఉండేదాన్ని. డాక్టరు గారు మాత్రం ఆ రోజు నుంచి ట్యాంకు ఎప్పుడూ నిండుగా ఉండాలని కొత్త డ్రైవరుకి ఆజ్ఞ వేశారు. అందువల్ల ఆ ముల్లు పావు దాకా దిగే అవసరమే మళ్ళీ రాలేదు.

ఇదీ నా భయం. మీ పిన్నికి తాత కథ తెలుసు గాని, బెత్తం సంగతి తెలియదు. ఎవరికీ తెలియదు, మీ తాతయ్యకి కూడా చెప్పలేదు.

సరే, కారు లారీ మీద విజయనగరం వచ్చింది. మా ఇంటి వెనక రేకుల షెడ్డులో దాన్ని దించారు. మీ బాబాయి దానికి "సవతి" అని పేరు పెట్టాడు. మీ పిన్ని కాలేజీ నుంచి రాగానే చీర మార్చుకుని సవతి దగ్గరకి పోయేది. ఇంజను పనికి ఒక ముసలి మేస్త్రి వచ్చేవాడు, రంగుకి ఇంకొకాయన. మీటర్ల మీద మాత్రం ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వలేదు. ఒక్కొక్కటే విప్పి, నా వంటింటి గట్టు మీద పాత తువ్వాలు పరిచి వరసగా పడుకోబెట్టింది, బాలింత పక్కలో పిల్లల్లా.

నేను కన్నబిడ్డని పొగుడుకుంటున్నానని అనుకోకండి. పనిమంతుల్ని నేను చూశాను. అలా పని చేసినవాళ్ళని తక్కువ చూశాను. ఇంజను వేడి చూపించే మీటరుకి వెనక సన్నటి రాగి తీగ, దాని చివర చిటికెనవేలంత గొట్టం ఉంటుంది. ఆ గొట్టాన్ని నా పులుసు గిన్నెలో నీళ్ళు పోసి ముంచి, పక్కనే కాలేజీ నుంచి తెచ్చిన థర్మామీటరు పెట్టి, పొయ్యి సన్నగా వెలిగించింది. నీళ్ళు కాగేకొద్దీ ఇటు చూస్తుంది, అటు చూస్తుంది, రాస్తుంది. నేను కూర తరుగుతూ, చూడకుండానే, "ఇప్పుడు నీళ్ళు సన్నగా పాడతన్నాయి, ఇంకా మరగనేదు" అన్నాను. కాసేపటికి "ఇప్పుడు పాట ఆపీసినాయి, మరుగుతాయి సూడు" అన్నాను. అది థర్మామీటరు చూసి, నా కేసి చూసి, పుస్తకంలో ఇంకో గడి గీసింది. పైన "అమ్మ" అని రాసింది! మూడుసార్లు కాచింది. అంతటితో ఆగలేదు, చల్లారేటప్పుడు కూడా మూడుసార్లు రాసుకుంది.

"పని సేస్తంది కదే, ఇంకెన్నిసార్లు?" అన్నాను విసుగొచ్చి.

"ముల్లు కదిలితే పని సేసినట్టు కాదమ్మా. నిజం సెప్తందా నేదా సూడాలి. ఎక్కీటప్పుడు ఒకలాగ, దిగీటప్పుడు ఒకలాగ సెప్పీ ముళ్ళు కూడా ఉంటాయి, మనుషుల్లాగ."

ఆయిలు ఒత్తిడి మీటరుకి కొత్త మీటరొకటి జంటగా కట్టి, సైకిలు పంపుతో గాలి కొట్టింది. రెండు ముళ్ళూ అక్కచెల్లెళ్ళలా జతగా లేచాయి. ఆ పంపు మా నాన్న షాపుది. బ్యాటరీ మీటరుకి హెడ్‌లైటు బల్బులు తగిలించి చూసింది. ఇవన్నీ అయ్యాక తువ్వాలు మీద పెట్రోలు మీటరొక్కటే మిగిలింది. నేను ఆగలేకపోయాను.

"అదొక్కటీ కొత్తది కొనీయే. పాతది పారీయ్."

"ఎందుకమ్మా?" అంది. నేను తువ్వాలు అంచు సర్దుతూ నిలబడ్డాను. అది గొంతు తగ్గించి, "తాత మీద సెప్పిన మాట నిజమో కాదో తెలీకుండా సాచ్చిని ఎలగ పారీమంటావు?" అంది.

మీటరుకి బ్యాటరీ కట్టింది. ట్యాంకులోంచి తీసిన తేలేబుడ్డిని పట్టుకుని మెల్లగా పైకెత్తింది. ముల్లు నిండుకెళ్ళింది. దించింది. ముల్లు సున్నాకొచ్చింది. పావు దగ్గర ఆగలేదు, వణకలేదు. తీగలు చూసింది, బాగున్నాయి. మళ్ళీ మూడుసార్లు. ఆనాటి మెకానిక్కు ఏం చూశాడో అదే. మీటరు బంగారం. మీ పిన్ని స్టూలు మీద కూర్చుంది. తరవాత నెమ్మదిగా, "తాత అబద్దమాడేడా అమ్మా?" అంది. ఆ గొంతు మూడు వందల మూరల గురించి అడిగిన పిల్ల గొంతే. నేను బియ్యం కడగాలని లోపలికి వెళ్ళాను. కడిగిన బియ్యాన్నే రెండోసారి కడుగుతున్నానని కుండ పొంగి చేతిమీద నీళ్ళు పడేదాకా తెలియలేదు. మా నాన్న అబద్ధం ఆడితే నా అబద్ధం చిన్నదైపోతుందని ఒక్క క్షణం అనిపించింది. ఆ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు, అయినా రాశాను.

మర్నాడు శనివారం. పొద్దున్నే మీ పిన్ని ట్యాంకు కారుకి బిగించింది. దాన్ని ఎప్పుడో కడిగి, ఆరబెట్టి, నల్లరంగు వేసి ఉంచింది. తేలేబుడ్డి లోపల పెట్టి, మీటరు పలకలో పెట్టి, తీగలన్నీ కలిపి తాళం తిప్పింది. నేను షెడ్డు గుమ్మంలో చీపురు పట్టుకుని నిలబడ్డాను. ట్యాంకు ఎండుది. ముల్లు లేచింది. మెల్లగా పావు దగ్గరకొచ్చి నిలబడింది.

అది ఎగిరి గంతెయ్యలేదు. మొదట తన పనినే అనుమానించింది. "కడిగిన పెట్రోలు ఏటైనా మిగిలిపోనాదేమో. అమ్మా, సన్నగా, వంగీది ఏదైనా ఉన్నాదా? అడుగుదాకా దించాలి."

నేను చీపురు గోడకి ఆనించి, ఇంట్లోకెళ్ళి, నా బీరువా వెనక నుంచి ఆ బెత్తం తెచ్చి దాని చేతిలో పెట్టాను.

అది బెత్తాన్ని చూసింది, నన్ను చూసింది. ముందు పని కానిచ్చింది. గొట్టంలోంచి వంచి దించి, అడుగు తగిలాక పైకి తీసింది. కొస ఎండుగా ఉంది. టెక్కలి గాటుకి కూడా తడి లేదు. ముల్లేమో పావంటోంది. అప్పుడు బెత్తం మధ్యలో అతుకు మీద వేలు పెట్టి, "ఇదెక్కడిదమ్మా?" అంది. సీమచింత చెట్టు నుంచి కోళ్ళగూడు దాకా అంతా చెప్పాను. మా నాన్న పోయాక ఆయన రేకుపెట్టెలో, పెళ్ళి పంచె కింద అది నాకు దొరికింది. నేను దాచిన రెండు ముక్కలు. చిట్లిన చోట సైకిలు ట్యూబు రబ్బరు చుట్టి, సొల్యూషను పెట్టి, పంక్చరు వేసినంత శుభ్రంగా అతికించి ఉన్నాయి. అంటే ఆయనకి తెలుసు. ఎప్పటి నుంచో తెలుసు. ఒక్కనాడూ నన్ను అడగలేదు. నా పెళ్ళినాడు కూడా కళ్ళతోనైనా అడగలేదు.

మీ పిన్ని నన్ను ఓదార్చలేదు. తిట్టనూ లేదు. "నా పౌడరు డబ్బా అద్దం పట్రా" అంది. ట్యాంకు మీద కన్నంలోంచి చిన్న టార్చి, అద్దం దించి చూసింది. చాలాసేపు చూసింది. తరవాత నన్ను కూడా వంగి చూడమంది. ట్యాంకు అడుగు ఒకచోట లోపలికి పొంగి ఉంది, బోర్లించిన చిన్న గిన్నెలా. తేలేబుడ్డి దిగి దిగి సరిగ్గా ఆ బొడిపె మీద కూర్చుంటోంది. ఇక కిందికి పోదు. పెట్రోలంతా అయిపోయినా అది పావు మెట్టు మీదే ఉంటుంది. బయట నుంచి ఆ నొక్కు, రంగు వేసేటప్పుడు, తనే చూసింది. పాత బండి పొట్టకి దెబ్బలు మామూలే కదా అని వదిలేసింది. తల కొట్టుకుంది.

"విడివిడిగా అడిగితే అన్నీ నిజమే సెప్పేయమ్మా. మీటరూ, తీగా, బుడ్డీ. కలిపి కూకోబెట్టి ఎవులూ అడగనేదు. తాత అడగమన్నాడు."

వెంటనే సుత్తి తీసుకుని నొక్కు సాపు చెయ్యబోతుంటే నేను ఆపాను. "ఉండు. డాక్టరు గారి బాబుని పిలు. ముందు ఆయన సూడాల" అన్నాను.

ఆయన మర్నాడు చర్చి అయ్యాక బస్సులో వచ్చాడు. గొడుగు, చేతి సంచీ, సంచీలో నాకు కళింగపట్నం ఎండుచేపలు. కారుని చూసి చిన్నపిల్లాడిలా చుట్టూ తిరిగాడు. మీ పిన్ని వాదన పెట్టుకోలేదు. ఆయన్ని స్టీరింగు ముందు కూర్చోబెట్టి తాళం తిప్పమంది. "ట్యాంకులో ఎంతున్నాదంటారు బాబుగారూ?" "పావు" అన్నాడాయన. బెత్తం చేతికిచ్చింది. "మీరే దించి సూడండి." ఆయన దించాడు, తీశాడు, కొస వేళ్ళతో తడిమాడు, వాసన చూశాడు. మళ్ళీ దించాడు. మళ్ళీ తీశాడు. ఆ తరవాత కారు కిందకి వంగి, మీ పిన్ని టార్చి వేసి చూపించిన నొక్కు మీద అరచెయ్యి పెట్టి అలాగే ఉండిపోయాడు. లేచేటప్పుడు మోకాళ్ళు పట్టేస్తే మీ పిన్ని చెయ్యిచ్చింది.

"ఇది రాయి దెబ్బ" అన్నాడు. "నాకు తెలుసు. ఆ వేసవిలోనే, బండి ఆగిపోకముందు. నాను కార్లోనే ఉన్నాను. నాన్నే నడిపేరు. కళింగపట్నం నుంచి వస్తన్నాం, దారిలో రాయి తగిలి కింద ఠంగుమన్నాది. నాన్న దిగి సూసి, డ్రైవరుకి సెప్పకురా, నవ్వుతాడు అన్నారు. నాను సెప్పనేదు." "మీ నాన్నగారికి సెప్పనేదు" అని దిద్దుకున్నాడు. అంతవరకూ ఆ ఇంటివాళ్ళ నోట మా నాన్న డ్రైవరే. నాన్నగారు అన్న మాట నేను అప్పుడే విన్నాను.

అప్పుడు నేను కూడా నా సీమచింతకాయల సంగతి చెప్పేశాను. ఇద్దరం పెట్రోలు డబ్బాల మీద ఎదురెదురుగా కూర్చున్నాం. పక్కింటి కోడిపెట్ట ఒకటి షెడ్డులోకొచ్చి, పాత ఇల్లు గుర్తుపట్టినట్టు కారెక్కబోయింది. మీ పిన్ని దాన్ని తరిమి, రెండు గ్లాసులు తెచ్చి మా మధ్య పెట్టింది. "సరే, ఇద్దరు పిల్లలు కలిసి మా తాత ఉద్యోగం తీసీసేరు. ఇంక టీ తాగండి, సల్లారిపోతాది." ఆయన ముందు నవ్వాడు. నవ్వు సగంలో కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. వెళ్ళేటప్పుడు గుమ్మంలో ఆగి, కోటబొమ్మాళిలో తనకి తెలిసిన ప్రతివాడికీ ఈ సంగతి తనే స్వయంగా చెబుతానన్నాడు. ఆనాటి వాళ్ళు ఎంతమంది మిగిలారని! అయినా చెప్పాడు. రైలు గేటు దగ్గర టీ కొట్టు ముసలాయన నాకు ఫోను చేసి, "మీ నాయిన నిజమే సెప్పేడంట గదమ్మా" అన్నాడు. ఆ ముసలాయన చిన్నప్పుడు "పెట్రోలు తాగీసినోడా" అని అరిచి పారిపోయినవాళ్ళలో ఒకడు. నాకు గుర్తుంది. ఆయనకీ గుర్తుందని గొంతులో తెలిసింది.

తరవాత మీ పిన్ని నొక్కు సాపు చేసింది. ట్యాంకు బిగించి తాళం తిప్పింది. ముల్లు సున్నా మీద నుంచి లేవలేదు. నా జన్మలో నేను చూసిన అందమైన సున్నా అది. అప్పుడు కొలపాత్రతో పెట్రోలు పోస్తూ, ప్రతిసారీ బెత్తం దించుతూ, ముల్లునీ బెత్తాన్నీ పక్కపక్కన పెట్టి రాసుకుంది. శ్రీకాకుళం గాటు తడిసేసరికి ముల్లు పావు చూపించింది. ఈసారి నిజం పావు. మీ పిన్ని బెత్తాన్ని కళ్ళకద్దుకుంటుందేమో అనుకున్నాను. అదేం చెయ్యలేదు. "తాత గాట్లు సరిగ్గా ఉన్నాయమ్మా" అంది, అంతే. దాని నోట అంతకంటే పెద్ద పొగడ్త నేను వినలేదు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని కోటబొమ్మాళి దాకా నడిపింది. నరసన్నపేట దగ్గర, ఆనాడు కారు ఆగిన చోట, ఆగకుండా పోయాం.

బెత్తం ఇప్పుడు డిక్కీలో ఉంటుంది. మీరు వచ్చినప్పుడు మీ చేత దించి చూపిస్తాను. మీ కారు చెప్పే మాట నమ్మండి, నమ్మొద్దని నేననను. కానీ అప్పుడప్పుడు చిన్నది అడిగినట్టు అడుగుతూ ఉండండి. అలాగే మీరేదైనా విరగ్గొడితే ఆ సాయంత్రమే చెప్పెయ్యండి. కాలం పరుగెడుతుందని అందరూ అంటారు గాని, నాకు తెలిసిన కాలం యాభై ఎనిమిదేళ్ళు పావు దగ్గరే కూర్చుని, ఎవరైనా దిగి చూసొస్తారేమో అని ఎదురుచూసింది.